కనిపించే దశ, కనిపించని దశ: పెద్దగెడ్డ వైపు నుంచి రెండు గ్రంథాలు

పాచిపెంట కొండల్లో వాన ఒక్క తీరున కురవదు. మృగశిర కార్తెలో నాలుగు రోజులు ఉక్కపోసి, ఓ సాయంత్రం ఉరుములతో గంటసేపు దంచి వెళ్ళిపోతుంది. శ్రావణంలో ముసురు పట్టిందంటే వారమైనా వదలదు. వర్షాకాలం చివర బంగాళాఖాతంలో వాయుగుండం లేచిందంటే అది ఇంకో తీరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను, 2021 సెప్టెంబర్ 26న గులాబ్ తుపాను ఆ తీరు ఎలా ఉంటుందో ఉత్తరాంధ్రకు చూపించాయి. ఈ కొండల్లోనే వేగావతి పుట్టి నాగావళిలో కలుస్తుంది. కేసలి దగ్గర పెద్దగెడ్డకు అడ్డంగా కట్టిన రిజర్వాయర్ ఈ తీరులన్నిటినీ ఒకే గట్టుతో, అవే గేట్లతో కాయాలి.

గట్టు మీద నీటిమట్టం చూసే మనిషికి మూడు ప్రశ్నలు ఎదురవుతాయి. కొండ మీద ఇప్పుడు ఏ దశ నడుస్తోంది? ఈ దశలో గేటు ఎంత ఎత్తాలి? దశలు ఇలా మారుతూ పోతే మట్టం అదుపులో ఉంటుందా, ఏదో ఒకనాడు చేయి దాటుతుందా? మొదటిది అంచనా, రెండోది నియంత్రణ, మూడోది స్థిరత్వం. యాదృచ్ఛికంగా దశలు మార్చుకునే వ్యవస్థల శాస్త్రమంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూ పెరిగిందే. విమానం రాడార్ తెర మీద ఉన్నట్టుండి మలుపు తిరిగినా, రోబో చేతిలో ఒక కీలు మొరాయించినా, ఆర్థిక వ్యవస్థ ఊపు నుంచి మందగమనంలోకి జారినా, అడిగేవి ఇవే.

ఈ శాస్త్రంలో రెండు గ్రంథాలను పక్కపక్కన పెట్టి చదవడం ఈ వ్యాసం పని. ఒకటి 2005లో స్ప్రింగర్ ప్రచురించిన ‘డిస్క్రీట్ టైమ్ మార్కోవ్ జంప్ లీనియర్ సిస్టమ్స్’. రచయితలు ముగ్గురూ బ్రెజిల్ వారు: ఒస్వాల్డో కోస్తా, మార్సెలో ఫ్రాగోసో, రికార్డో మార్కెస్. రెండోది 2014లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం తెచ్చిన ‘హిడెన్ మార్కోవ్ ప్రాసెసెస్’. రచయిత గుంటూరులో పుట్టిన మతుకుమల్లి విద్యాసాగర్. రెండు పుస్తకాలకూ పునాది ఒకటే: రేపటి దశ ఏమిటన్నది ఇవాళ్టి దశ మీద మాత్రమే ఆధారపడుతుందని చెప్పే మార్కోవ్ గొలుసు. దాని మీద కట్టిన ఇళ్ళు మాత్రం వేరు. మొదటి పుస్తకం ప్రధానంగా దశ మన కంటికి కనిపిస్తోందనుకుని, అప్పుడు ఏం చేయాలో చెబుతుంది. రెండోది దశ కనిపించదని ఒప్పుకుని, దాన్ని ఎలా కనిపెట్టాలో చెబుతుంది. పెద్దగెడ్డ లాంటి చోట రెండోదాన్ని ముందు చదివి, ఆ తర్వాతే మొదటిదాన్ని తెరవాలన్నది నా వాదన. వరుస తప్పితే ప్రమాదం పడేది పుస్తకం మీద కాదు, గట్టు కింద ఊళ్ళ మీద.

ఎవరి వారసత్వం ఏది

బ్రెజిల్ గ్రంథానికి ముందు నలభై ఏళ్ళ చరిత్ర ఉంది. 1961లో సోవియట్ గణితవేత్తలు క్రసోవ్‌స్కీ, లిడ్‌స్కీ యాదృచ్ఛికంగా మారే లక్షణాలున్న వ్యవస్థలకు నియంత్రికను లెక్క కట్టి చూపారు. 1969లో అమెరికాలో స్వోర్డర్ అదే దారిలో గెంతే పరామితుల వ్యవస్థలకు ఉత్తమ నియంత్రణ సూత్రం రాబట్టారు. 1990లలో కోస్తా, ఫ్రాగోసో స్థిరత్వానికి పక్కా పరీక్షలు ఇచ్చారు. ఆ పరంపరలో వచ్చిన ఫలితాలన్నిటినీ ఈ పుస్తకం ఒక క్రమంలో పెట్టింది. స్థిరత్వం, ఉత్తమ నియంత్రణ, వడపోత (కొలతల నుంచి స్థితిని అంచనా కట్టడం), అరకొర సమాచారంతో నియంత్రణ, చివర ప్రయోగాలు. ఇంజనీరుకు కావలసిన మెట్లన్నీ వరుసగా ఉన్నాయి. ప్రతి మెట్టూ ఎక్కడానికి రేఖీయ బీజగణితం, ప్రమేయ విశ్లేషణ బాగా రావాలి.

విద్యాసాగర్ దారి వేరు. సంఖ్యా సిద్ధాంతంలో పేరుపొందిన మతుకుమల్లి వెంకట సుబ్బారావు కుమారుడాయన. విస్కాన్సిన్‌లో చదివి, బెంగళూరులో కృత్రిమ మేధ, రోబోటిక్స్ కేంద్రానికి డైరెక్టరుగా పనిచేసి, ఆపైన టాటా కన్సల్టెన్సీలో, టెక్సస్‌లో, హైదరాబాద్ ఐఐటీలో పనిచేశారు. 2012లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. ఆయనకు ప్రపంచంలో పేరు తెచ్చింది నియంత్రణ శాస్త్రమే. 1985లో రాసిన నియంత్రణ సంశ్లేషణ గ్రంథం ఒక తరానికి పాఠ్యమైంది. అలాంటి మనిషి మార్కోవ్ ప్రక్రియల మీద పుస్తకం రాసినప్పుడు నియంత్రణ జోలికే పోలేదు. సంభావ్యత, సమాచార సిద్ధాంతం, రుణేతర మాతృకలు, మార్కోవ్ గొలుసులు, అరుదైన సంఘటనల సిద్ధాంతం, దాగిన దశల నమూనాలు చెప్పి, చివరికి డీఎన్ఏ వరుసల్లో జన్యువులను గుర్తించడం లాంటి జీవశాస్త్ర పనులతో ముగించారు. జన్యువును మనం తిప్పలేం, చదవగలం. అందుకే ఆ పుస్తకం మొత్తం చదవడం గురించే.

చదివించే గుణంలో విద్యాసాగర్‌దే పైచేయి. పరిమిత సమితుల మీదే నిలబడి, కొలత సిద్ధాంతం బరువు పాఠకుడి నెత్తిన పెట్టకుండా, మొదటి నుంచీ కట్టుకొస్తారు. డిగ్రీ గణితం బాగా చదివినవాళ్ళు ఓపికపడితే మూడు వంతులు అందుకోగలరు. బ్రెజిల్ గ్రంథం అంత ఉదారంగా ఉండదు. కానీ ఒక నిర్ణయం తీసుకోవలసిన మనిషి చేతికి పనిముట్టు ఇచ్చేది అదే.

ఎడారి మబ్బు, కొండ మబ్బు

బ్రెజిల్ గ్రంథంలో అందరూ గుర్తుపెట్టుకునే ఉదాహరణ కాలిఫోర్నియా ఎడారిలో డాగెట్ దగ్గరి సోలార్ వన్ విద్యుత్ కేంద్రానిది. 1980లలో అక్కడ 1,818 అద్దాలు ఎండను ఒక గోపురం మీది బాయిలర్ వైపు మళ్ళించేవి. మబ్బు వచ్చిందంటే బాయిలర్‌కు వేడి తగ్గుతుంది. లోపలికి వెళ్ళే నీటి ప్రవాహాన్ని వెంటనే సవరించకపోతే ఆవిరి ఉష్ణోగ్రత చెడుతుంది. స్వోర్డర్, రోజర్స్ 1983లో దీన్ని రెండు దశల సమస్యగా రాశారు. అక్కడి కొలతల ప్రకారం ఎండ సగటున 4.3 నిమిషాలు నిలుస్తుంది, మబ్బు 2.3 నిమిషాలు. ఆరు సెకన్లకు ఒకసారి చూసి, ఒక్కో చూపును ఒక అడుగనుకుంటే ఎండ సగటున 43 అడుగులు, మబ్బు 23 అడుగులు. అంటే ఒక్కో అడుగులో ఎండ మబ్బుగా మారే అవకాశం 43లో ఒకటి, అనగా 0.0233; మబ్బు ఎండగా మారే అవకాశం 23లో ఒకటి, 0.0435. వ్యవస్థ యాదృచ్ఛికత అంతా ఈ రెండు అంకెల్లో ఇమిడిపోయింది.

ఈ ఉదాహరణ ఇంత చక్కగా కుదరడానికి కారణం ఒకటుంది. అక్కడ దశ దాగి లేదు. ఎండ తీవ్రత కొలిచే పరికరం ఆ క్షణంలోనే చెప్పేస్తుంది. మబ్బు కమ్మిన చోటూ, దాని ప్రభావం పడే చోటూ ఒకటే.

పాచిపెంటలో ఈ రెండు చోట్లూ వేరు. వాన కురిసేది పై వాలుల్లో, నీళ్ళు చేరేది కింద గేటు దగ్గర. గట్టు మీద ఎండ కాస్తుండగానే గెడ్డ పొంగి రావచ్చు. కింద కనిపించేవి ఫలితాలే: మట్టం అంగుళాల లెక్కన లేవడం, నీళ్ళు ఎర్రబారడం, పుల్లా ఆకూ కొట్టుకురావడం, రొద మారడం. అసలు దశ, అంటే పైన పడుతున్నది గంటలో వెలిసిపోయే జల్లా, నాలుగు రోజులు నిలిచే ముసురా అన్నది, ఈ ఫలితాల వెనక దాగి ఉంటుంది. ఇది అక్షరాలా విద్యాసాగర్ పుస్తకం పేరులోని సమస్య. గెడ్డ పక్కన బతికే కొండదొర, జాతాపు, గదబ కుటుంబాలకు ఈ గుర్తుల విలువ తరాలుగా తెలుసు. గణిత భాషలో వాళ్ళు గమనించేవి పరిశీలనలు. వాటికి సంభావ్యతలు కట్టే పని మాత్రం ఇంకా మిగిలి ఉంది.

ఎడారి మబ్బు పాచిపెంటకు ఇంకో దారిలో వస్తోందని కూడా చెప్పాలి. సాలూరు, పాచిపెంట కొండల్లో కురుకుట్టి దగ్గర 1,200 మెగావాట్ల, కర్రివలస దగ్గర 1,000 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ కేంద్రాలకు ప్రతిపాదనలు ఉన్నాయి. ఎండ ఉన్నప్పుడు మిగిలే సౌర విద్యుత్తుతో నీళ్ళను పైకి తోడి, ఎండ పోయాక కిందికి వదిలి కరెంటు తీయడం వాటి పని. ఎక్కడో సోలార్ పలకల మీద మబ్బు కమ్మితే ఇక్కడి యంత్రం దశ మార్చుకోవాలి. ఆ యంత్రం వరకు బ్రెజిల్ గ్రంథం అతికినట్టు సరిపోతుంది. మబ్బూ తెలుస్తుంది, మీటా చేతిలో ఉంటుంది. అయితే ఈ కేంద్రాలపై గిరిజన గ్రామాల నుంచి వచ్చిన అభ్యంతరాలు ఆ గ్రంథంలోని ఏ సమీకరణంలోనూ చరరాశిగా ఉండవు. లెక్క ఎంత గొప్పదైనా, అందులో ఏ రాశులను చేర్చాలన్న నిర్ణయం లెక్కకు బయటే జరుగుతుంది.

అంచనా: ఒక్క కొలత ఎంత చెబుతుంది

విద్యాసాగర్ వైపు బలం ఒక చిన్న లెక్కలో తెలుస్తుంది. అంకెలు వివరణ కోసం నేను ఎంచుకున్నవి. పైన ముసురు ఉందన్న నమ్మకం నిన్న 0.2 అనుకుందాం. ముసురు ఉంటే రేపూ ఉండే అవకాశం 0.8, లేకపోతే కొత్తగా పట్టే అవకాశం 0.1. అప్పుడు ఇవాళ కొలత తీయకముందు నమ్మకం 0.2 × 0.8 + 0.8 × 0.1, అంటే 0.24. ఇప్పుడు గెడ్డ మట్టం చూశాం, లేచింది. ముసురులో మట్టం లేచే అవకాశం 0.6, లేనప్పుడు 0.1 అయితే, 0.144ను 0.144, 0.076ల మొత్తంతో భాగించాలి. నమ్మకం 0.65 దాటింది. ఒక్క కొలతతో నాలుగింట ఒక వంతు అనుమానం మూడింట రెండు వంతుల నమ్మకమైంది. రేపు ఈ 0.65 నుంచే మొదలుపెట్టాలి. వెనకటి కొలతలన్నీ దాచుకోనక్కర్లేదు. ఎన్ని దశలుంటే అన్ని అంకెలు గుర్తుంటే చాలు.

ఇదే పని బ్రెజిల్ గ్రంథంలో ఎందుకు కష్టమవుతుంది? అక్కడ దశతో పాటు స్థితి కూడా ఉంది, అంటే నీటిమట్టం, ఉష్ణోగ్రత లాంటి ఎడతెగక మారే రాశి. ఇవాళ్టి మట్టం నిన్నా మొన్నా నడిచిన దశలన్నిటి జ్ఞాపకాన్నీ మోస్తుంది. దశ కనిపించకపోతే ప్రతి సాధ్యమైన దశల వరుసకూ ఒక వడపోత విడిగా నడపాలి. రోజుకు రెండు దశలైతే ముప్పై రోజులకు వరుసలు 107 కోట్ల పైచిలుకు. పుస్తకం ఈ చిక్కును దాచలేదు. ఐదో అధ్యాయంలో చెప్పి, రేఖీయ వడపోతల్లో ఉత్తమమైనదాన్ని ఇచ్చి, చివరి అధ్యాయంలో దశ తెలియని ఉదాహరణలూ చేసి చూపింది. రాడార్ రంగంలో 1988లో బ్లోమ్, బార్ షాలోమ్ ఇచ్చిన ఉపాయం ఇంకో తీరు: దశకు ఒక్క వడపోత చొప్పున మాత్రమే ఉంచి, ప్రతి అడుగులో వాటి ఫలితాలను నమ్మకాల నిష్పత్తిలో కలిపి మళ్ళీ మొదలుపెట్టడం. కోట్ల వరుసలు రెండు వడపోతలకు కుదించుకుపోతాయి. కొంత ఖచ్చితత్వం పోతుంది, పని నడుస్తుంది.

ఇక్కడ రెండు గ్రంథాలకూ ఉన్న తేడా స్వభావంలోదే. బ్రెజిల్ రచయితలకు దాగిన దశ ఒక అడ్డంకి. వీలైనంత తక్కువ నష్టంతో దాటాలి. విద్యాసాగర్‌కు అదే అసలు విషయం. ఇంకో మెట్టు కిందికి దిగి ఆయన అడిగే ప్రశ్న నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది: మన దగ్గరున్న కొలతల వరుసను పుట్టించగల దాగిన దశల నమూనా అసలు ఉందా? కొలతల గణాంకాలతో కట్టిన మాతృక కోటి (ర్యాంకు) పరిమితమైతే నమూనా ఉండాలనిపిస్తుంది. అది అవసరమే గాని సరిపోదని ఆయన వివరంగా చూపుతారు. గేటు దగ్గర దీని అర్థం సూటిగా ఉంటుంది. ‘ఎండ’, ‘ముసురు’ అని రెండు పేర్లు పెట్టుకున్నంత మాత్రాన కొండ మీద రెండు దశలే ఉన్నాయని కాదు. బ్రెజిల్ గ్రంథం దశల జాబితా ఎవరో ఇచ్చారనుకుని మొదలవుతుంది. ఆ జాబితాను ప్రశ్నించడం రెండో పుస్తకమే నేర్పుతుంది.

స్థిరత్వం: సగటు వాన చాలదు

స్థిరత్వం దగ్గరికి వచ్చేసరికి పైచేయి బ్రెజిల్ గ్రంథానిది. ఆ పుస్తకంలో అత్యుత్తమ భాగం మూడో అధ్యాయమని నా అభిప్రాయం. దాని సారం ఒక ఉదాహరణతో చెబుతాను. అంకెలు మళ్ళీ నావే. రిజర్వాయర్ మట్టం మనకు కావలసిన మట్టం నుంచి ఎంత తేడాగా ఉందో ఆ తేడా వర్గాన్ని తీసుకుందాం. ముసురు రోజున ఆ వర్గం 1.5 రెట్లవుతుంది, తెరిపి రోజున 0.4 రెట్లకు తగ్గుతుంది. కాలం మొత్తంలో సగం రోజులు ముసురు, సగం తెరిపి.

ఏ రోజుకా రోజు బొమ్మా బొరుసూ వేసినట్టు దశ మారితే, రోజువారీ సగటు గుణకం 1.5, 0.4ల సగటు, అంటే 0.95. ఒకటికి తక్కువ కాబట్టి తేడా క్రమంగా అణిగిపోతుంది. ఇప్పుడు సగం సగం నిష్పత్తిని ముట్టుకోకుండా, దశలు అంటుకుని ఉండేలా మార్చండి: ఇవాళ ఏ దశ ఉంటే రేపూ అదే ఉండే అవకాశం 0.9. గ్రంథం చెప్పిన పరీక్ష పెడితే గుణకం 1.356 వస్తుంది. ఆ వేగంతో పది రోజుల్లో సగటు ఇరవై రెట్లు దాటుతుంది. మొత్తం వాన రోజులు పెరగలేదు. అవి గుంపుగా వచ్చాయి, అంతే. వర్షపాతం సాధారణమేనని కాగితం మీద ఉన్న ఏడాదిలోనే గట్టు మీదికి ప్రమాదం రాగలదని ఈ లెక్క చెబుతోంది.

లెక్కలో ఇంకో కోణం ఉంది. ఇదే 0.9 ఉదాహరణలో ఏ ఒక్క వరుసనైనా చాలా కాలం గమనిస్తే తేడా అణిగిపోతూనే కనిపిస్తుంది, ఎందుకంటే సగం రోజులు 1.5, సగం రోజులు 0.4 కలిసి రెండు రోజులకు 0.6 గుణకమవుతాయి. దాదాపు ప్రతి వరుసా శాంతిస్తుంది, సగటు మాత్రం పేలిపోతుంది. అరుదుగా వచ్చే దీర్ఘ ముసురు వరుసలు సగటు మొత్తాన్నీ తామే మోస్తాయి. అందుకే ఈ శాస్త్రంలో రెండు స్థిరత్వాలు ఉన్నాయి: దాదాపు నిశ్చయమైనది, వర్గాల సగటుది. బ్రెజిల్ గ్రంథం రెండోదాన్నే ప్రమాణంగా పట్టుకుంది. కొందరు విమర్శకులకు అది మితిమీరిన జాగ్రత్తగా అనిపించవచ్చు. గట్టు కింద ఊరు మాత్రం అన్ని వరుసల్లోనూ బతకదు. తన మీదికి వచ్చిన ఒక్క వరుసనే అనుభవిస్తుంది. ఆ ఊరి పక్షాన నిలబడే ప్రమాణం వర్గాల సగటే.

ఆ అరుదైన వరుస ఎంత అరుదు? ఇక్కడ విద్యాసాగర్ పుస్తకంలోని అరుదైన సంఘటనల అధ్యాయం అక్కరకొస్తుంది. ముసురు పట్టాక వరసగా ఇంకో పది రోజులు నిలిచే అవకాశం, దశ నిలకడ 0.5 అయితే వెయ్యింట ఒకటి, 0.9 అయితే మూడింట ఒకటికి పైన. దీర్ఘకాలపు సగటు నుంచి పక్కకు జరగడం ఎంత వేగంతో అసంభవమవుతుందో ఆయన ఘాతాంకాల్లో కట్టి చూపుతారు. మొదటి గ్రంథం ప్రమాదం ఉందో లేదో చెబుతుంది, రెండోది అది ఎంత దూరంలో ఉందో చెబుతుంది.

నియంత్రణ: ఎండలోనే మబ్బు లెక్క

నియంత్రణలో పోలికే లేదు. ఒక పక్క గొప్ప సిద్ధాంతం, మరో పక్క ఖాళీ. బ్రెజిల్ గ్రంథం ప్రతి దశకూ ఉత్తమ నియంత్రణను తేల్చే ఒక రికాటీ సమీకరణం రాస్తుంది. ఆ సమీకరణాలు విడివిడిగా ఉండవు. ఒకదానిలో మిగతావన్నీ దశ మారే సంభావ్యతల బరువుతో వచ్చి చేరతాయి. దీని అందమంతా ఫలితంలో ఉంది: ఎండ కాస్తున్నప్పుడు వాడే నియంత్రణ సూత్రంలోనే రాబోయే మబ్బు ఖర్చు కలిసి ఉంటుంది. డాగెట్‌లో నీటి ప్రవాహాన్ని ఎండ వేళ ఎంత ఉంచాలన్నది మబ్బు నిలకడ మీద కూడా ఆధారపడింది. కేసలిలో అయితే తెరిపి రోజునే రిజర్వాయర్‌లో ఎంత ఖాళీ ఉంచాలన్నది ముసురు నిలకడను బట్టి తేలాలి. ముసురు పట్టాక గేట్లు ఎత్తడం ఆలస్యపు నియంత్రణ. కింద వరినాట్లకు నీళ్ళు కావాలి కాబట్టి ఖాళీ ఉంచడానికీ ఖర్చుంది. ఆ రెండు ఖర్చులనూ ఒకే తక్కెడలో పెట్టేది ఈ సమీకరణాలే.

అయితే పుస్తకం ఇచ్చే సూత్రంలోని మొదటి గుర్తు ‘ప్రస్తుత దశ’. దశ తెలిసినప్పుడు, స్థితిని అంచనా వేసే పనినీ, గేటు తిప్పే పనినీ విడివిడిగా తయారుచేసి అతికించవచ్చని ఆరో అధ్యాయం నిరూపిస్తుంది. దశ దాగినప్పుడు ఆ సుఖం ఉండదు. గేటు కాస్త ఎత్తి చూడటం కూడా పై దశ గురించి సమాచారం ఇస్తుంది. తెలుసుకోవడమూ చేయడమూ పెనవేసుకుపోతాయి. ఈ ముడిని ఒకే అట్టల మధ్య పట్టుకోవాలని 1986లోనే పి.ఆర్. కుమార్, ప్రవీణ్ వరాయా ‘స్టొకాస్టిక్ సిస్టమ్స్’లో ప్రయత్నించారు. ఇప్పుడు మనం పోలుస్తున్న రెండు పుస్తకాలూ ఆ ముడిలో చెరో కొసను పట్టుకున్నాయి. ఒకటి రోగం కనిపెట్టి మందు రాయని వైద్యం, ఇంకొకటి రోగం తెలుసనుకుని మందు రాసే వైద్యం.

ఇద్దరూ అప్పు తెచ్చుకున్న అంకె

రెండు గ్రంథాలూ దశ మారే సంభావ్యతల మీద నిలబడ్డాయి. విద్యాసాగర్ వాటిని కొలతల నుంచి నేర్చుకునే పద్ధతులు చెబుతారు. బ్రెజిల్ గ్రంథం ఎక్కువగా తెలిసినవిగా తీసుకుని, అక్కడక్కడ అనిశ్చితికి తట్టుకునే రూపకల్పన చూపుతుంది. ఎంత తెలిస్తే చాలన్న ప్రశ్నకు జవాబు మాత్రం వాల్తేరులో చదువుకున్న మనిషి నుంచి రావాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1945లో చూపిన హద్దు ఇదే: ఇన్ని కొలతలుంటే, నిష్పక్షపాతమైన ఏ పద్ధతీ ఇంతకన్నా తక్కువ చెదురుతో అంచనా వేయలేదు.

మన ఉదాహరణకు అది తగిలించి చూద్దాం. దశ నిలకడ అంకె 4/7, అంటే సుమారు 0.57 దాటితే వ్యవస్థ స్థిరత్వం కోల్పోతుంది, 0.55 దగ్గర క్షేమం, 0.60 దగ్గర ప్రమాదం. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా 122 రోజులు. ఒక్క వానాకాలం కొలతలతో ఈ అంకెను అంచనా వేస్తే చెదురు 0.045. క్షేమానికీ ప్రమాదానికీ మధ్య దూరం ఆ చెదురులోనే మునిగిపోతుంది. చెదురును 0.01కి తేవాలంటే 2,450 రోజులు కావాలి, అంటే ఇరవై వానాకాలాలు. అదీ దశ కళ్ళకు కనిపిస్తే. దాగి ఉంటే ఇంకా ఎక్కువ. ఈ మధ్యలో వానల తీరే మారిపోతే పాత కొలతల విలువ కరిగిపోతుంది. రెండు పుస్తకాల్లో ఏదీ ఈ లెక్కను పాఠకుడి ముందు ఇంత సూటిగా పెట్టలేదు. సిద్ధాంత గ్రంథాల నుంచి అది ఆశించడం అత్యాశేమో. కానీ వాటిని కొండల్లోకి మోసుకొచ్చే ఇంజనీరు దాన్ని మరవకూడదు.

1962లో గాబ్రియేల్, న్యూమన్ టెల్ అవీవ్ వానలకు మార్కోవ్ గొలుసు కట్టినప్పుడు, పొడి రోజు తర్వాత వాన పడే అవకాశం 0.250, వాన రోజు తర్వాత మళ్ళీ పడే అవకాశం 0.662 అని తేల్చారు. ఏళ్ళ తరబడి రోజూ తప్పకుండా రాసిన పుస్తకాలుంటేనే అలాంటి రెండు అంకెలు వస్తాయి. పై వాలుల్లోని గిరిజన గ్రామాల్లో వాన కొలిచే గొట్టాలు నాలుగు పెట్టి, ఆ ఊళ్ళ పిల్లలకే రోజూ రాసే పని అప్పజెప్పి, జీతమిచ్చి, ఆ అంకెలు కేసలి గేటు దగ్గరికి ఫోన్లో చేరేలా చేస్తే, దాగిన దశ సగం బయటపడుతుంది. గణిత రీత్యా చూస్తే అంతకన్నా చవకైన సంస్కరణ ఇంకొకటి లేదు.

తీర్పు

విడివిడిగా చూస్తే బ్రెజిల్ గ్రంథం ఎక్కువ సంపూర్ణమైనది. ఒక శాస్త్రాన్ని పునాది నుంచి ప్రయోగం దాకా కట్టింది. స్థిరత్వానికి అది ఎంచుకున్న ప్రమాణం గణితంగానూ, నైతికంగానూ సరైనది. విద్యాసాగర్ గ్రంథం ఎక్కువ నిజాయితీ గలది: మనకు కనిపించేది ఎంత, కనిపించనిది ఎంత అన్న గీతను ఎక్కడా చెరపదు. నియంత్రణ పండితుడే రాసి కూడా నియంత్రణను వదిలేయడం దాని పెద్ద లోటు. జన్యువుల దగ్గర ఆ లోటు తెలియదు, గేటు దగ్గర తెలుస్తుంది.

కలిపి చూస్తే, ఎక్కడ ఏది ముందు అన్నది దశను ఎవరు చూడగలరన్న దాన్ని బట్టి ఉంటుంది. సౌర కేంద్రం, పంపు, టర్బైన్ లాంటి చోట్ల బ్రెజిల్ గ్రంథంతో మొదలుపెట్టవచ్చు. కొండ వాలు, గెడ్డ, వాగు లాంటి చోట్ల విద్యాసాగర్‌తో మొదలుపెట్టి, దశ మీద నమ్మకం ఎంతో తేల్చుకుని, ఆ నమ్మకాన్నే మొదటి గ్రంథపు సమీకరణాల్లోకి తీసుకెళ్ళాలి. విజయనగరంలోని ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయంలో, కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలో ఈ రెండు పుస్తకాలనూ ఒకే పాఠ్యక్రమంలో, పెద్దగెడ్డనే ప్రయోగశాలగా పెట్టుకుని చెప్పాలి. ఎడారి మబ్బుల లెక్క మన పిల్లలు పుస్తకంలో నేర్చుకోగలరు. పాచిపెంట మబ్బుల లెక్క మాత్రం ఇంకా ఎవరూ పుస్తకంగా రాయలేదు. దాన్ని రాయగల సత్తా ఉన్నది ఆ వాలుల్లో పుట్టి, ఈ రెండు గ్రంథాలూ చదువుకున్న విద్యార్థికే.